మంచినీటి చిట్టిరొయ్యల పెంపకము – ఒక ప్రకృతి పాఠము



మీసములు పెంచినంత మాత్రమున మగతనము వచ్చునా, రొయ్యకు లేవా బారెడు మీసములు అని మన పెద్దలు పరిహాసమాడుదురు. సామెత మనుష్యులను గూర్చి పుట్టినదే గాని, దానివలన రొయ్యకు కొంత అన్యాయము జరిగినది. రొయ్య మీసములు అలంకారము కొఱకు ఏర్పడినవి కావు. వానికి స్పర్శశృంగములని పేరు. పొడవైన జతతో అది చీకటిలో దారిని తడవి చూచుకొనును. పొట్టి జతతో నీటిలో కరగియున్న ఆహారపు వాసనను పసిగట్టును. ఈ సంగతిని పుస్తకమున చదువుటకంటె కంటితో చూచుట మేలు. అందులకు గొప్ప ప్రయోగశాల అక్కఱలేదు. ఒక గాజుతొట్టి, గుప్పెడు నాచు, పది చిట్టిరొయ్యలు, వీనితోపాటు నెల దినముల ఓర్పు ఉన్న చాలును.

తెలుగువారికి రొయ్య అనగానే వంటయిల్లు జ్ఞప్తికి వచ్చును. ఇచట మేము చెప్పబోవునవి తినుటకు పనికివచ్చునవి కావు. ఈ చిన్న జీవులను చూచుటకును, వాని బ్రతుకును తెలిసికొనుటకును మాత్రమే పెంచుదురు.

1. రొయ్య దేహము

రొయ్య చేప కాదు. అది కీలుకాళ్ళు గల జంతువుల వర్గములోనిది; పీతకు చుట్టము. దీనికి నడచుటకు అయిదు జతల కాళ్ళు గలవు. కావుననే శాస్త్రజ్ఞులు ఈ క్రమమునకు దశపాదులని పేరిడిరి. పొట్టక్రింద ఈదుటకు మఱి అయిదు జతల చిన్న తెడ్లు ఉండును. చిట్టిరొయ్యల ముందరి రెండు జతల కాళ్ళ చివర కుంచెవంటి వెండ్రుకలు గలవు. వానితో రాళ్ళమీదను ఆకులమీదను పేరుకొనిన పాచిని, కంటికి కానరాని జిగురుపొరను ఊడ్చి నోటికి అందించుకొనును. తొట్టిముందు కూర్చున్నచో ఆ కాళ్ళు విరామమెఱుగక పనిచేయుట చూడవచ్చును.

మన నెత్తురులో ప్రాణవాయువును మోయునది ఇనుము గల హీమోగ్లోబిన్. రొయ్య నెత్తురులో ఆ పని చేయునది రాగి గల హీమోసయనిన్. కావున దాని నెత్తురు ఎఱ్ఱగా ఉండదు. ప్రాణవాయువు కలిసినప్పుడు లేత నీలిరంగు దాల్చును. ఈ రాగి మాటను గుర్తుంచుకొనుడు. మరల దానితో పని యున్నది.

2. పెంచదగిన జాతులు

మొదట పెంచువారికి తగినది చెర్రీ రొయ్య. శాస్త్రీయ నామము నియోకారిడినా డేవిడి. చైనా తూర్పు భాగము దీని స్వస్థలములలో ఒకటి. సహజముగా ఇది గోధుమరంగు మచ్చలతో ఉండును. ఎఱ్ఱని వానిని ఏరి ఏరి తరతరములుగా జతకూర్చుటచే నేటి ఎఱ్ఱని జాతి ఏర్పడినది. పసుపు, నీలము రంగులును అట్లే వచ్చినవి. వివిధ రంగుల వానిని ఒకే తొట్టిలో కలిపినచో కొన్ని తరములకు పిల్లలు తిరిగి గోధుమరంగునకే మఱలును. అనువంశికతను బోధించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

రెండవది అమానో రొయ్య. జపాను దేశపు ఛాయాచిత్రకారుడు తకాషి అమానో (1954–2015) నీటిమొక్కల తొట్లలో పాచిని అదుపుచేయుటకు దీనిని ప్రచారములోనికి తెచ్చెను. పాచిని తినుటలో ఇది గట్టిది. కాని దీని పిల్లలు పుట్టినవెంటనే ఉప్పునీరు లేనిదే బ్రతుకవు. కావున ఇంటి తొట్టిలో దీని సంతానము నిలువదు.

ఇదే ధర్మము తెలుగుదేశపు నీలకంఠ రొయ్యయందును కలదు. గోదావరి, కృష్ణా నదులలో పెరుగు ఈ పెద్ద రొయ్య గ్రుడ్లతో నదీముఖమువైపు దిగిపోవును. దాని పిల్లలు కొన్ని వారములు ఉప్పు కలిసిన నీట పెరిగి తరువాత మంచినీటికి ఎగబ్రాకును. ఈ రహస్యమును 1961 ప్రాంతమున మలయాలో షావోవెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన పిదపనే ఆ రొయ్యను పొదిగించి పెంచుట సాధ్యమైనది. చెర్రీ రొయ్యకు ఈ చిక్కు లేదు. దాని పిల్ల తల్లి రూపముతోనే మంచినీట పుట్టును.

3. తొట్టియు నీరును

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిని తీసికొందము. నీటిని 25 సెంటీమీటర్ల ఎత్తు పోసినచో 60 × 30 × 25 = 45,000 ఘన సెంటీమీటర్లు, అనగా 45 లీటర్లు. నీటి బరువే 45 కిలోగ్రాములు. కావున బల్ల గట్టిది కావలెను. ఇరువది లీటర్ల తొట్టిలోనైనను పెంచవచ్చును గాని, నీరు ఎంత తక్కువైన దాని గుణము అంత త్వరగా మారును. క్రొత్తవారికి పెద్ద తొట్టియే సులభము.

చెన్నపట్నపు కొళాయి నీటిలో క్లోరిను కలిసియుండును. నీటిని ప్లాస్టిక్ తొట్టిలో మూత లేక ఒక దినము ఉంచినచో అది చాలవఱకు పోవును. గొట్టపుబావి నీరు పలుచోట్ల కఠినజలము. చెర్రీ రొయ్యకు లీటరునకు సుమారు 150 మొదలు 250 మిల్లీగ్రాముల లవణములు తగును. ఉదాహరణమునకు, బావినీటిలో 600, ఇంటి శుద్ధియంత్రపు నీటిలో 50 మిల్లీగ్రాములు ఉన్నవనుకొందము. ఒక పాలు మొదటిది, రెండు పాళ్ళు రెండవది కలిపిన (600 + 50 + 50) ÷ 3 = 233 అగును. గణితము ఎందులకని అడుగు పిల్లలకు ఇదియే మా సమాధానము.

నీరు ఆవిరియైనప్పుడు లవణములు ఆవిరి కావు, తొట్టిలోనే మిగులును. కావున తఱిగిన నీటికి బదులు వాననీరో శుద్ధియంత్రపు నీరో పోయవలెను. మార్చిన నీటికి బదులు మాత్రము పై విధముగా కలిపిన నీటినే పోయవలెను. ఈ రెంటి భేదము తెలిసినచో సగము విద్య వచ్చినట్లే.

ఉష్ణోగ్రత 20 మొదలు 28 డిగ్రీల సెల్సియస్ మేలు. వేడి హెచ్చినకొలది నీటిలో కరగు ప్రాణవాయువు తగ్గును. మన ఎండాకాలమున తొట్టి మూత తీసి, నీటిమీదికి చిన్న విసనకఱ్ఱ యంత్రము పెట్టినచో ఆవిరి లేచి రెండు మూడు డిగ్రీలు తగ్గును. మట్టికుండలో నీరు చల్లబడుటకు గల కారణమే దీనికిని.

4. తొందర పనికిరాదు

క్రొత్త తొట్టిలో నీరు పోసిన దినమే రొయ్యలను విడుచువారు వానిని చావునకు పంపుచున్నారు. కారణము వినుడు. జీవుల మలమునుండియు, క్రుళ్ళిన ఆహారమునుండియు అమోనియా పుట్టును. అది విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. ఇంకొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. ఇది కొంచెముగా ఉన్న హాని లేదు, మొక్కలకు ఎరువగును. ఈ సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును.

అంతవఱకు అడుగున సన్నని ఇసుక పఱచి, స్పంజితో చేసిన వడపోతను గాలిపంపునకు తగిలించి నడపుచు, నాచు నాటి, చిటికెడు చేపమేత వేయుచు వేచియుండవలెను. స్పంజివడపోతలో పసిపిల్లలు చిక్కుకొనవు. సూక్ష్మజీవులకును అది నివాసము. అమోనియా, నైట్రైటు రెండును సున్నయని పరీక్షలో తేలినప్పుడే రొయ్యలకు ఆహ్వానము.

5. కొని తెచ్చుట

మన నగరమున అలంకారపు చేపల వ్యాపారమునకు కొళత్తూరు ప్రసిద్ధి. అచటికి పోవునప్పుడు రంగు చూచి మోసపోరాదు. తొట్టిలో రొయ్యలు కదలుచు మేయుచున్నవా? చిన్నవి, పెద్దవి కలిసియున్నవా? చిన్నవి ఉన్నచో అచటనే పుట్టినవని అర్థము. అట్టివి మన నీటికి అలవాటుపడి యుండును. విదేశమునుండి నిన్న దిగిన వానికంటె, ఊరిలో పెంచు అభిరుచిగలవారి యింట పుట్టినవి మేలు, వెలయు తక్కువ. పది చాలును. వానిలో ఆడవి, మగవి రెండును ఉండుట ఇంచుమించు నిశ్చయము.

సంచిలోని రొయ్యలను ఒక చిన్న పాత్రలోనికి తీసి, సన్నని గొట్టము ముడివేసి, తొట్టినీటిని బొట్టు బొట్టుగా గంట రెండు గంటలు పడనీయవలెను. తరువాత రొయ్యలను వలతో తీసి విడువవలెను. సంచినీటిని తొట్టిలో పోయరాదు. చేపలను వీనితో కలుపకుండుట ఉత్తమము. నోట పట్టిన ప్రతి పిల్లను చేప మ్రింగును.

6. ఆహారము, కుబుసము, సంతానము

వీని ముఖ్యాహారము తొట్టిలో పెరుగు పాచియే. రెండు దినములకొకసారి, ఉడికించిన పాలకూర ముక్కయో కొంచెము మేతయో వేయవచ్చును. రెండు మూడు గంటలలో తినగా మిగిలినది తీసివేయవలెను. ఎండి రాలిన బాదము ఆకు నొకదానిని కడిగి వేసినచో, అది మెల్లగా మెత్తబడి వానికి మేతయు మాటును అగును. ఆకలిచేత చచ్చు రొయ్యలకంటె ఎక్కువ మేతచే చెడిన నీట చచ్చునవియే అధికము. వారమునకు పదియవ వంతు, అనగా మన తొట్టిలో నాలుగున్నర లీటర్లు, మార్చిన చాలును.

ఒకనాడు తొట్టి అడుగున చలనములేని తెల్లని రొయ్య కనబడును. చచ్చినదని పిల్లలు బెంగపడుదురు. అది శవము కాదు, కుబుసము. రొయ్యకు ఎముకలు లోపల లేవు, పైపెంకే ఎముక. పెంకు పెరుగదు కావున రొయ్య పెరుగవలెనన్న దానిని విడువక తప్పదు. క్రొత్త పెంకు గట్టిపడువఱకు అది ఆకులమాటున దాగియుండును. విడిచిన కుబుసమును తీయరాదు. రొయ్యలు దానిని తిని అందలి కాల్షియమును తిరిగి పొందును.

ఆడది కుబుసము విడిచిన పిమ్మట మగవానికి తెలియునట్లు ఒక రసాయనమును నీటిలో విడుచును. అప్పుడు మగవి తొట్టియంతయు తిరుగాడును. తరువాత ఆడది ఇరువది, ముప్పది గ్రుడ్లను పొట్టక్రింది తెడ్లకు అంటించుకొని, తెడ్లతో నీటిని విసరుచు సుమారు మూడు వారములు మోయును. పిల్లలు రెండున్నర, మూడు నెలలకు ఈడునకు వచ్చును. ఆయుర్దాయము ఒకటి రెండు సంవత్సరములు మాత్రమే.

7. ఇంటిలోని విషములు

రొయ్య నెత్తురులో రాగి కలదంటిమి. అట్లయ్యు నీటిలో కరగిన రాగి స్వల్పమైనను దానిని చంపును. మన యిండ్లలో రాగిబిందెలో నీరు నిలువజేయుట ఆచారము. ఆ నీరు తొట్టికి పనికిరాదు. చేపల జబ్బులకు అమ్ము మందులు కొన్నింట రాగి యుండును, అవియు కూడవు. దోమలమందు చల్లుట మఱింత ప్రమాదము, ఏలనన కీటకమును చంపు మందు కీటకమునకు బంధువైన రొయ్యను విడువదు. సబ్బుచేతితో నీటిని ముట్టరాదు. కూరాకును బాగుగా కడిగి ఉడికించియే వేయవలెను.

8. చెరువులో విడువరాదు

ఇది ఈ పాఠమున ముఖ్యమైన మాట. పిల్లలు పెరిగి తొట్టి నిండినప్పుడో, పరీక్షలు వచ్చి విసుగు పుట్టినప్పుడో, రొయ్యలను రెట్టేరిలోనో ఊరి చెరువులోనో విడిచిన పుణ్యమని కొందఱు తలంతురు. అది పుణ్యము కాదు. జర్మనీ దేశమున గిల్‌బాఖ్ అను వాగులో విద్యుత్కేంద్రపు వెచ్చని నీరు కలియును. ఆ వెచ్చదనముచే, ఎవరో విడిచిన చెర్రీ రొయ్యలు అచట స్థిరపడినవి. చలిదేశముననే అట్లయినచో, సంవత్సరమంతయు వెచ్చగా ఉండు మన చెరువులలో వానిని ఆపునదేమి?

రోగముల మాటయు మఱవరాదు. 1994లో మనదేశపు తూర్పుతీరమున తెల్లమచ్చ వైరస్ ప్రవేశించి ఆంధ్రతీరపు రొయ్యల చెరువులను దెబ్బతీసినది. అది ఒక జాతినుండి మఱియొక జాతికి సోకగల రోగము. ఎన్ని కుటుంబములు అప్పులపాలైనవో కోస్తావారు నేటికిని చెప్పుదురు. మిగిలిన రొయ్యలను తోటి విద్యార్థికి ఇండు. మొక్కలు, ఇసుక కడిగిన నీటిని పూలమొక్కలకు పోయుడు.

9. తుదిమాట

తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో తెలుగు మాటలు క్రమముగా తఱుగుచున్నవి. మొప్ప, నాచు, కుబుసము, పొదుగుట అను మాటలను అర్థపట్టికలో వల్లించిన బాలుడు పరీక్ష ముగిసిన మఱునాడే మఱచును. తొట్టిముందు నిలిచి, “అదిగో, కుబుసము విడిచినది!” అని కేకవేసిన బాలుడు ఆ మాటను జీవితాంతము మఱువడు. మాటకు వస్తువు తోడు కావలెను. విజ్ఞానమును తెలుగున చెప్పుట కష్టమనువారికి ఈ చిన్న తొట్టియే జవాబు.

నోరులేని జీవి తన కష్టమును చెప్పుకొనలేదు. ఆదివారము, సెలవుదినము, పండుగ అని దానికి భేదము లేదు. ఈ భారము మోయగలమని నిశ్చయించుకొనిన పిదపనే తొట్టిని కొనుడు.

విద్యార్థులు చేయవలసిన పరిశీలనలు

(అ) ఒక రొయ్య ఎన్ని దినములకొకసారి కుబుసము విడుచుచున్నదో దినచర్యలో వ్రాయుడు. పిల్లలకును పెద్దవానికిని గల భేదమును గుర్తింపుడు.

(ఆ) 45 లీటర్ల తొట్టిలో లీటరునకు 200 మిల్లీగ్రాముల లవణములు కలవు. 5 లీటర్లు ఆవిరియైన, మిగిలిన నీటిలో లీటరునకు ఎంత యుండును?

(ఇ) మీ యింటి కొళాయినీరు, బావినీరు, వాననీరు — మూడింటిలో సబ్బు ఎందులో బాగుగా నురుగునో చూచి, కారణము వ్రాయుడు.