వచ్చేవాళ్ళ కుర్చీలో ముందు మనం కూర్చోవాలి

పండక్కి బెంగళూరు నుంచి చుట్టాలు వస్తున్నారంటే పెద్దతిప్పసముద్రం, బి.కొత్తకోట, మదనపల్లె ఇళ్ళలో ఈ మధ్య ఒక కొత్త హడావుడి కనిపిస్తోంది. ఇల్లు కడగడం, పిండివంటలు ఎప్పుడూ ఉన్నవే. వాటికి తోడు ఇప్పుడు డైనింగ్ టేబుల్ ముస్తాబు. ఫోన్లో చూసిన బొమ్మలాగా మధ్యలో ప్లాస్టిక్ పూలు, వాటి కింద జరీ గుడ్డ, హంసల్లా మడిచిన నాప్‌కిన్లు, పక్కన ఫోర్కులు. ఈ సరదాను నేను తక్కువ చేయను. వచ్చేవాళ్ళ కోసం ముందే మనసు పెట్టి ఏదో ఒకటి సర్దాలనుకునే మనిషిలో చాలా మంచి గుణం ఉంది. దాన్ని ఎటు మళ్ళిస్తే పెరుగుతుందన్నదే నా ఆలోచనంతా.

బల్ల సర్దడాన్ని నేను అలంకారం లెక్కలో వేయను. ఎదుటివాళ్ళ అవసరాన్ని వాళ్ళు నోరు తెరిచి అడగకముందే కనిపెట్టే సాధన అది. ఆ కనిపెట్టడం అలవాటైన మనిషి ఆఫీసులోనూ, ఆస్పత్రి మంచం పక్కనా, పిల్లల చదువుల దగ్గరా అలాగే ఉంటారు. అందుకే దీన్ని వ్యక్తిత్వ వికాసంలో మొదటి పాఠంగా చెప్పడానికి నేను వెనకాడను.

సాధన ఎలాగంటే, సర్దడం అయ్యాక ఒక్కో కుర్చీలో మనమే కూర్చుని చూడాలి. పూలకుండీ ఎదుటి మనిషి ముఖాన్ని మూసేస్తోందా, కిటికీ ఎండ నేరుగా కళ్ళలో పడుతోందా, గోడ పక్క కుర్చీలోని వాళ్ళు మధ్యలో చేయి కడుక్కోవాలంటే ఎంతమందిని లేపాలి, ఇవన్నీ నిలబడి చూస్తే తెలియవు. సాధారణంగా బల్ల ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ 18 అంగుళాలు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఇది వరమే, కింద పీట మీద నుంచి లేచే బాధ తప్పుతుంది. మనిషికి 24 అంగుళాల వెడల్పు వదిలితే మోచేతులు తగలవు. అరిటాకు వేస్తే ఒక్కో ఆకే అడుగున్నర పడుతుంది. ఆరుగురి బల్ల మీద ఆరు ఆకులు పరిచాక గిన్నెలకు చోటెక్కడిది? అందుకని గిన్నెలన్నీ పక్కన మరో చిన్న బల్ల మీదకో, గట్టు మీదకో మారిపోవాలి. ఇంటికి వచ్చినవాళ్ళకు బల్ల మీద మనం ఇవ్వగలిగే మంచి అలంకారం ఖాళీ చోటే.

ఇక చేతుల సంగతి. బొమ్మల్లో గ్లాసు ఎప్పుడూ కుడివైపు ఉంటుంది. కత్తి, ఫోర్కుతో తినేవాళ్ళకు అది సరిపోతుంది. మనం కుడిచేత్తో కలుపుకుని తింటాం, మంచినీళ్ళు తాగాలంటే శుభ్రంగా ఉన్న ఎడమచేత్తో గ్లాసు అందుకుంటాం. కాబట్టి మన బల్ల మీద గ్లాసు ఎడమవైపే ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్ళు వస్తున్నారని తెలిస్తే వాళ్ళకు మాత్రం మార్చి పెట్టాలి, వాళ్ళను బల్ల చివర కూర్చోబెడితే పక్కవాళ్ళ మోచేయి కూడా తగలదు. హంస నాప్‌కిన్‌తో పులుసు చేయి తుడుచుకోవడానికి ఎవరికీ మనసు రాదు. దాని బదులు కుళాయి దగ్గర ఉతికిన తువ్వాలు ఒకటి, సబ్బు ఒకటి పెడితే చాలు. కుళాయి ఎక్కడుందో అతిథి అడగాల్సిన పని లేకుండా రాగానే చూపించాలి.

మా వైపు వంటను బల్ల ఎక్కించడానికి కొందరు మొహమాటపడతారు. పట్నం వాళ్ళొస్తే ఫ్రైడ్ రైస్, రాగి సంగటి ఏమో ఇంట్లోవాళ్ళకు మాత్రమే. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. మనం రోజూ ఇష్టంగా తినేదాన్ని దాచిపెట్టి వడ్డించే చోట ఆత్మవిశ్వాసం గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా నిలబడవు. సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి, చలికాలమైతే పితికిపప్పు. ఇంతకంటే ఇంపైన రంగులు ఏ బల్లకు కావాలి? నల్లగా నిగనిగలాడే ముద్ద, ఎర్రటి పులుసు, పక్కన పచ్చటి ఆకు.

సంగటికి మాత్రం ఒక నియమం ఉంది. అది ఆరితే పైన తొక్క కట్టి గట్టిపడుతుంది, పులుసు పట్టదు. అందుకే అతిథులు కూర్చున్నాకే ముద్ద చేయాలి. చేయి నీళ్ళలో తడుపుకుని, వేడి వేడిగా గుండ్రంగా తిప్పి, కంచంలో పెట్టి, బొటనవేలితో నడిమధ్య చిన్న గుంత చేసి, అందులో నెయ్యి పోయాలి. కరిగిన నెయ్యి అంచు దాటి జారే లోపలే పులుసు పడాలి. దీనికి అంచు లేని చదును పింగాణీ ప్లేటు పనికిరాదు, పులుసంతా గుడ్డ మీదికి పారుతుంది. లోతున్న స్టీలు కంచం ఎంత మామూలుదైనా ఇక్కడ అదే అందం. రాచ్చిప్పలో కాచిన పులుసైతే దాన్ని అలాగే తెచ్చి పెట్టొచ్చు, చాలాసేపు వేడి ఆరదు. ఇత్తడి గిన్నెలు బల్లకు కళ తెస్తాయని ఇప్పుడు అందరూ అటక మీద నుంచి దించుతున్నారు. మంచిదే. అయితే లోపల కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు, పెరుగు, నిమ్మకాయ పులిహోర పెట్టకూడదు. పులుపుకి లోహం కరిగి తిండిలో కలుస్తుంది. అందం కోసం చూసేటప్పుడు ఆరోగ్యం మరిచిపోతే అది అతిథి మర్యాద కాదు.

పూలు పెడితే వాసన లేనివి పెట్టాలి. మల్లెలు, సంపెంగలు వాకిట్లో బాగుంటాయి, తిండి దగ్గర అవి కూర ఘుమఘుమను మింగేస్తాయి. కనకాంబరాలకు వాసన ఉండదు, రంగు మాత్రం దీపంలా వెలుగుతుంది. అవి దొరక్కపోతే మదనపల్లె మార్కెట్టుకు పోయే టమోటాల్లో నిగనిగలాడేవి ఏరి, వెడల్పాటి మట్టి పాత్రలో పోసి మధ్యలో పెట్టండి. పలమనేరు కుమ్మరుల చేతి మట్టి పాత్రలు ఈ సీమలో పేరున్నవే. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఉంటే దాన్ని పులుసు కింద పరచకండి, ఆ చేతిపనికి గోడ మీద చోటివ్వండి.

ఇంతవరకూ వస్తువుల మాట. అసలు పరీక్ష మనుషుల దగ్గర. మన పల్లెల్లో కొందరి కోసం వేరే పళ్ళెం, వేరే గ్లాసు చూరులో దోపి ఉంచిన రోజులు మరీ పాతవి కావు. టీ అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతిని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. అందుకే బల్ల మీద అన్నీ ఒకే రకం కంచాలు, ఒకే రకం గ్లాసులు ఉండాలని నేను పట్టుబడతాను. బెంగళూరు నుంచి కారు తోలుకొచ్చిన డ్రైవరుకు కూడా అదే కంచం, అదే బల్ల. ఆయనకు వరండాలో ప్లాస్టిక్ ప్లేటు ఇచ్చిన ఇంట్లో లోపల ఎంత ఇత్తడి మెరిసినా నాకు ఆ బల్ల అందంగా కనపడదు.

మనిషిని తేలిగ్గా కలుపుకుంటే ఏం జరుగుతుందో మదనపల్లెకు బాగా తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చారు. కళాశాలను నడిపించే జేమ్స్ కజిన్స్, విద్యార్థులు, అధ్యాపకులు సాయంకాలం కూడి పాడుకునే అలవాటు ఉండేది. మహాకవి వచ్చినప్పుడు తమ పాటల్లోకే ఆయన్నూ కలుపుకున్నారు. ఆయన జనగణమన పాడారు. ఆ బసలోనే దానికి ఆంగ్లానువాదం రాశారు, జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట స్వరాలను రాసిపెట్టారు. భోజనం దగ్గర కూడా అంతే. పొగడ్తలు, బలవంతపు వడ్డనలు తగ్గించి, మనింటి మాటల్లోకి వాళ్ళను రానిస్తే నోరు విప్పని మనిషి కూడా ఏదో ఒకటి మనకు ఇచ్చిపోతాడు.

ఒక కుర్చీ గురించి ఇంకా చెప్పాలి. చాలా ఇళ్ళలో బల్లకు ఆరు కుర్చీలుంటే ఆరూ అతిథులకే, ఇంటి ఇల్లాలు మాత్రం అందరూ లేచేదాకా గరిటె పట్టుకుని నిలబడే ఉంటుంది. కంచాలు లెక్కపెట్టేటప్పుడే ఆమె కంచం కూడా కలిపి లెక్కపెట్టాలి, చోటు చాలకపోతే స్టూలైనా వేయాలి. మజ్జిగ, మంచినీళ్ళు, ఊరిబిండి, నెయ్యి అందరికీ అందే దూరంలో ముందే పెట్టేస్తే ఆమె లేవాల్సిన పనులు సగం తగ్గుతాయి. రెండో ముద్దలు తెచ్చే పని ఇంటి మగవాళ్ళు, పెద్దపిల్లలు చూసుకోవాలి. సంగటి గిన్నె పొయ్యి మీద నుంచి దించగానే, మొదటి ముద్దలతో పాటే ఆమె ముద్ద కూడా చేసి ఆమె కంచంలో పెట్టేయాలి.