వెనక బ్యాటరీతో ఇంజిన్ స్టార్ట్ అవుతుందా?

ప్రశ్న: మా డీజిల్ వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్పించాం. లైట్లు, ఫ్యాన్లకు వెనక వేరే బ్యాటరీ ఉంది. అనంతగిరి కొండల్లో రాత్రి ఆగితే పొద్దున సెల్ఫ్ కొట్టలేదు. ఆ బ్యాటరీతో స్టార్ట్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, శంకర్‌పల్లి

జవాబు: చేయొచ్చండీ, ఇంజిన్ బ్యాటరీ, వెనక బ్యాటరీ రెండూ 12 వోల్టులవే అయితే. ముందు వెనక బ్యాటరీ ఏ రకమో చూడండి. డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ తిరిగే క్షణంలో వందల ఆంపియర్లు లాగుతుంది. లిథియం బ్యాటరీ అయితే లోపలి రక్షణ సర్క్యూట్ అంత కరెంటు ఇవ్వకుండా టక్కున ఆపేయవచ్చు. అది పాడైనట్టు కాదు, కంగారు పడకండి. ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ కూడా ఒక్కసారిగా అంత కరెంటు ఇచ్చేందుకు చేసినది కాదు.

అందుకే కేబుల్ తగిలించగానే తాళం తిప్పొద్దు. పది, పదిహేను నిమిషాలు వదిలేస్తే ముందున్న ఇంజిన్ బ్యాటరీ కాస్త ఛార్జ్ అవుతుంది. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించకుండా.

రెండు బ్యాటరీలను కలుపుతూ ఇప్పటికే ఉన్న ఛార్జింగ్ వైరును నమ్ముకోవద్దు. అది సన్నది, ఫ్యూజు పోతుంది, లేదా వైరే వేడెక్కుతుంది. మందపాటి రాగి జంపర్ కేబుల్స్ కావాలి. ఎర్రది ప్లస్ నుంచి ప్లస్‌కు. నల్లది మొదట వెనక బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద రంగులేని ఇనుముకు. ఆఖరి కనెక్షన్ దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ పైన హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు. ఉబ్బిన, పగిలిన బ్యాటరీ జోలికి అసలు వెళ్లొద్దు.

స్టార్ట్ అయ్యాక నల్లదాన్ని ఇంజిన్ వైపు నుంచి ముందు తీయండి. శంకర్‌పల్లి చేరాక మెకానిక్‌తో బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేయించండి. రాత్రి ఏ లైటో ముందు బ్యాటరీ మీదే వెలుగుతోందేమో కూడా చూడమనండి.