యాయీరు ఇంటి దారిలో

సంఘంలో కార్యక్రమం అంటే మనుషుల కోసం పెట్టుకున్న ఏర్పాటు. ఆదివారం ఆరాధన, సండే స్కూలు, స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, ఏటా జరిగే మూడు రోజుల సువార్త కూటాలు, అన్నీ ఎవరో ఒకరి అవసరం తీర్చడానికి పుట్టినవే. ఏళ్లు గడిచేకొద్దీ ఏర్పాటుకే అవసరాలు మొదలవుతాయి. పందిరికి చందాలు కావాలి, మైకు దగ్గర మనిషి ఉండాలి, కుర్చీలు నిండాలి. అప్పటి నుంచి విశ్వాసి ఆ పనులకు అక్కరకొచ్చే చేయిగానే కనిపిస్తాడు. దురుద్దేశంతో జరిగేదేమీ లేదు. శ్రద్ధగా పనిచేసేవారినే ఈ జబ్బు ఎక్కువగా పట్టుకుంటుంది, సోమరి జోలికి రాదు.

కూటాలు ముగిసిన రాత్రి, ఎంతమంది వచ్చారన్న లెక్క పందిరి విప్పకముందే తేలిపోతుంది. ప్రతి ఆదివారం గోడవారగా చాపమీద కూర్చునే ముసలమ్మ మూడు వారాలుగా ఎందుకు రావడం లేదో మాత్రం ఎవరూ అడగరు. ఆమె ఏ కమిటీలోనూ లేదు కనుక ఆమె రాకపోతే ఏ పనీ ఆగదు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాజమందిరపు అధికారి యాయీరు పన్నెండేళ్ల కూతురు చావుబతుకుల మధ్య ఉంది. యేసు అతని వెంట బయలుదేరాడు. దారిలో, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో నలిగిపోతున్న స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుని బాగుపడింది. ఆమెకు కావలసింది దొరికింది, ఇక నడక ఆపాల్సిన పని లేదు. అయినా ఆయన ఆగి, తనను ముట్టుకున్నదెవరని అడిగాడు. ఇంత జనంలో అదేం ప్రశ్న అన్నట్టు మాట్లాడారు శిష్యులు. ఆమె వణుకుతూ వచ్చి సంగతంతా చెప్పేదాకా ఆయన కదల్లేదు. ఇంతలో యాయీరు ఇంటి నుంచి చావు కబురు వచ్చింది. ఆ కాసేపు ఆ తండ్రి గుండె ఎలా కొట్టుకుందో మార్కు రాయలేదు. స్వస్థత ఆమెకు ముందే అందింది. ఆయన ఆగినందుకు ‘కుమారీ’ అన్న పిలుపు కూడా దక్కింది. యాయీరు ఇంటి పనీ మానుకోలేదు, ఆ పిల్ల లేచి నడిచింది.

ఇదంతా ప్రణాళికలే వద్దనడానికి కాదు. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో లోటు జరుగుతోందని తెలిశాకే అపొస్తలులు ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ముందు విస్తరి, తర్వాత కమిటీ.

తెలుగు నేలమీద ఇందుకు పెద్ద ఉదాహరణ ఒంగోలు. 1876-78 కరువులో సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, సర్వే పని తెలిసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. పనివాళ్లు తట్ట దించి సేద తీరే వేళల్లో పక్కన కూర్చుని వాక్యం చెప్పారు. బాప్తిస్మం అడిగేవాళ్లు ఎందరున్నా, సాయం కోసం వచ్చారేమోనన్న సందేహంతో కరువు తీరేదాకా ఇవ్వలేదు. విదేశాల్లోని దాతలకు లెక్కలు పంపే మిషన్‌కు ఇది చిన్న నిగ్రహం కాదు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు ఊరి చివర వాడల్లో బతికిన మాదిగలు. క్రైస్తవ చరిత్రలో ఆ అంకెకు దొరికినంత చోటు కాలువ గట్టు మీది మట్టితట్టలకు దొరకలేదు.

పని కన్నా ముందు మనిషిని చూసే గుణం వ్యక్తి స్వభావంలో చిన్న అలవాట్లతోనే కుదురుకుంటుంది. క్వయర్‌లో పాడే కుర్రాడు ప్రాక్టీసుకు రావడం మానేస్తే, అతని బదులు ఎవరన్నది తర్వాత, ముందు అతని ఇంటి తలుపు తట్టాలి. ప్రార్థన మనవి విన్నవారు మర్నాడు ఒక ఫోన్ చేయాలి. వారంలో ఒక సాయంత్రాన్ని ఏ కూడికా పెట్టుకోకుండా దర్శనాలకు విడిచిపెట్టాలి. అలాగని ప్రతి పిలుపుకూ పరిగెత్తితే మనిషి నిలవడు. పైగా కాపరి ఇంట్లోవాళ్లూ మనుషులే. తండ్రిని వేదిక మీద తప్ప తీరికగా చూడని పాస్టర్ల పిల్లలు తక్కువేమీ లేరు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం అధ్యక్షుడి అర్హతల్లో అతిథుల్ని ఆదరించడాన్నీ, సొంత ఇంటిని చక్కబెట్టుకోవడాన్నీ చేర్చింది. కూటాలు ఏర్పాటు చేసే నేర్పు ఆ జాబితాలో లేదు.