మార్కులు వస్తున్నా పని చేతకాకపోతే...

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ మగ్గం ఖర్చుల లెక్క వేయమంటే తడబడుతోంది. కాలేజీని ఏమని అడగాలి? – ఒక చేనేత కార్మికుడు, రాజోలి

జవాబు: నేర్చినదాన్ని చేసి చూపగలగడమే కొలమానంగా సాగే చదువును సామర్థ్య ఆధారిత విద్య అంటారు, దానికి పాఠాలు వినే గదులు, మూడు గంటల పరీక్షలు మాత్రమే చాలవు గనుకే ఈ లోటు ఏర్పడుతుంది. లెక్కలు స్వయంగా చేసి సాధన చేసేందుకు కంప్యూటర్ ల్యాబ్‌ను తరగతుల తరవాత కూడా తెరిచి ఉంచాలని మీ వంటి తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌ను కోరాలి. నూలు చీరకు పట్టు అంచు, కొంగు కలిపి నేసే గద్వాల చీరకు నూలు, పట్టు, జరీ, కూలి ఖర్చులను విడివిడిగా రాసి ధర కట్టడాన్ని ప్రాజెక్టుగా ఇచ్చి, తప్పులు దిద్దుకుని మళ్లీ చేసే వీలు కల్పించి, దానికీ మార్కులు కేటాయించేలా అధ్యాపకులతో మాట్లాడాలి. సెమిస్టర్ గడిచినా కదలిక లేకపోతే, మీ ప్రాంత కాలేజీలకు అనుబంధం ఇచ్చే, 2008లో మహబూబ్‌నగర్‌లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయ అధికారులను వినతిపత్రంతో నేరుగా కలవాలి.