ఊడిన పన్నును పారవేయకుడు

రాయపూరులోని డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ వ్యాగన్ల మరమ్మతు కర్మాగారపు రైల్వేవారి నివాసస్థలము. అచ్చట ఆడుకొను పదేండ్ల బాలుని ముందుపన్ను బంతి తగిలి వేరుతోసహా ఊడినదనుకొనుడు. పెద్దలు నెత్తురు చూచి కంగారుపడుదురు. పన్ను మట్టిలోనే ఉండిపోవును. వెంటనే వెదకవలసినది దానినే. వేరును అంటియుండు జీవకణములు ఆరిపోయినచో గంటలోపల చాలవరకు నశించును.

పన్నును తెల్లనిభాగమున పట్టుకొనవలెను; వేరును తాకరాదు, తోమరాదు. మట్టి అంటియున్నచో పాలతో క్షణకాలము కడిగి, ఆ గుంటలోనే నిలిపి, శుభ్రమైన గుడ్డను కరచి పట్టుకొనుమని బాలునికి చెప్పవలెను. అట్లు సాధ్యపడనిచో చల్లని పాలలో ఉంచి అరగంటలోపల దంతవైద్యునికడకు కొనిపోవలెను. నగరమున ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. పాలకు మారుగా నీరు పనికిరాదు. పసివారి పాలపన్నును మాత్రము తిరిగి నిలుపరాదు. క్రింద పెరుగుచున్న పంటికి హాని కలుగవచ్చును.

దెబ్బకు స్పృహ తప్పినను, వాంతులైనను పన్ను సంగతి తరువాత. ముందు 108కి టెలిఫోను చేయుడు.