తోక పట్టుకొని సవారి

ఈ సంచికయందు ఒక క్రొత్త మాటను గూర్చి ముచ్చటించుకొందము. చూచుటకిది భాషాపాఠమువలె నుండును. నిజమునకు మన బిడ్డల ప్రాణములకు సంబంధించినది. ఆ మాట ‘స్కిచింగ్’.

చిన్న చక్రములు గల పలకపై నిలిచి దొరలుచు పోవు స్కేట్‌బోర్డు ఆట అమెరికాలోని కాలిఫోర్నియా ప్రాంతమున 1950కి తరువాతి సంవత్సరములలో వ్యాపించినది. టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దానికి మొదటిసారి స్థానము దొరకినది. ఆటగా దానియందు దోషమేమియు లేదు. కాని ఆడువారిలో కొందరు, పోవుచున్న కారు వెనుకభాగమును చేతబట్టి, శ్రమ లేకయే దాని వేగమున జారిపోవుదురు. హిచింగ్ అను మాట కలిసి దీనికి స్కిచింగ్ అను పేరైనది. 1985 నాటి ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ అను చలనచిత్రమున కథానాయకుడు బడికి ఆలస్యమైనదని ఇట్లే వాహనములను పట్టుకొని పోవును. 1994లో ఈ పేరుతోనే ఒక వీడియో ఆటయు వెలువడినది. ముద్దుపేరు పెట్టినచో అపాయము కూడ ఆటవలె తోచును గదా!

‘హిచ్’ అను మాటకు పశువును బండికి కట్టుట యనియు అర్థము కలదు. మనమును ‘బండి కట్టు’ మందుము. ఎద్దును కట్టినపుడు పగ్గము మనిషి చేతిలో నుండును. ఇచట మనిషి తన్ను తానే బండికి కట్టుకొనుచున్నాడు. పగ్గము మాత్రము అతని చేతిలో లేదు. ఈ భేదమును పిల్లలకు తెలియజెప్పిన చాలును, సగము పాఠము ముగిసినట్లే.

‘మూకండపల్లిలో స్కేట్‌బోర్డు లెచట నున్నవి?’ అని మీరడుగవచ్చును. పలక లేకపోవచ్చును గాని పట్టు ఉన్నది. హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడ మన ముంగిటనే యున్నది. బెంగుళూరునుండి కృష్ణగిరికి పోవు 44వ జాతీయ రహదారి మన ప్రక్కగా సాగుచున్నది. సరకుల లారీలకు కొదువ లేదు. సైకిలుపై పోవు బాలుడు లారీ వెనుకనున్న గొలుసును పట్టుకొనుట, ట్రాక్టరు తొట్టికి వ్రేలాడుట, బస్సు ఫుట్‌బోర్డుపై ఒంటికాలితో నిలుచుట – ఇవన్నియు స్కిచింగునకు తోబుట్టువులే.

మా చిన్ననాట ఎద్దుబండి వెనుక వ్రేలాడుచు బడికి పోయినవారము పెక్కుమందిమి. ఎద్దు నడక మనిషి నడకతో సమానము. చేయి వదలినచో మోకాలికి మట్టి యంటెడిది, అంతియే. ఆ అలవాటుతోనే ఒకనాడు సైకిలుపై పోవుచు లారీ గొలుసును పట్టుకొంటిని. కొంత దూరము పోయిన పిదప చెప్పు జారిపడినందున చేయి వదలితిని. మరుక్షణమున లారీ హఠాత్తుగా ఆగినది. నన్ను కాపాడినది నా తెలివి కాదు, తెగిన చెప్పువారు. ఇంట చెప్పినచో దెబ్బలు తప్పవని నాడు ఎవరికిని చెప్పలేదు.

ఇందలి అపాయమేమో లెక్కగట్టి చూతము. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. లారీ డ్రైవరు బ్రేకు వేసినచో, దానిని గ్రహించి బాలుడు తన బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టిననుకొందము. ఆ సెకనులో అతడు 10 మీటర్లు పోవలెను. కాని లారీకిని అతనికిని నడుమ ఉన్నది ఒక చేతి పొడవు మాత్రమే. వేగము రెండింతలైనచో తాకిడి శక్తి నాలుగింతలగును.

రెండవది, లారీ తన చక్రముల నడుమ గుంటను విడిచి దాటిపోగలదు. వెనుకనున్న బాలునికి ఆ గుంట తన ముందుచక్రము క్రిందికి వచ్చువరకు కనబడదు. మూడవది, ఒక చేయి గొలుసును పట్టియుండగా లాగుడంతయు ఒక ప్రక్కనే పడి, హ్యాండిలు మెలి తిరుగును. నాలుగవది, పొడవైన బండి మలుపు తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడను విడిచి లోపలి వైపునకు వచ్చును. ప్రక్కనున్నవాడు వాని క్రిందికే పోవును. అన్నిటికంటె ముఖ్యమైనది, బండి సరిగా వెనుకనున్న పిల్లవాడు డ్రైవరు అద్దములలో కనబడడు. తన వెనుక ఒక ప్రాణమున్నదని ఆ డ్రైవరునకు తెలియనే తెలియదు.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. మన దేశపు 1988 మోటారు వాహనముల చట్టమునందలి 123వ సెక్షను ఫుట్‌బోర్డుపైన, బండి కప్పుపైన, బానెట్టుపైన ప్రయాణము చేయుటను నిషేధించినది. ఇంగ్లండునందు అదే సంవత్సరపు రోడ్డు చట్టములోని 26వ సెక్షను, నడుచుచున్న మోటారు బండిని పట్టుకొని లాగించుకొని పోవుటను నేరముగా పేర్కొన్నది.

అయినను చట్టముకంటె ఇల్లు ముందు. పిల్లవాడు లారీని పట్టుకొనుటకు అల్లరి యొక్కటే కారణము కాదు. ఆలస్యము, అలసట, ఎదురుగాలి, బరువైన సంచి, తుప్పుపట్టిన సైకిలు గొలుసు – ఇవియు అతని చేతిని లారీవైపు నెట్టుచున్నవి. కావున అతనిని పది నిమిషములు ముందుగా బయలుదేరదీయుడు. నెలకొకమారు సైకిలు బ్రేకులను, గొలుసును చూడుడు. ఆలస్యమైన దినమున ‘ఆలస్యమైనను ఫరవాలేదు, మెల్లగా పొమ్ము’ అని చెప్పి పంపుడు. అన్నిటికంటె మిన్నగా, ‘నీవెప్పుడైన బండి పట్టుకొంటివా?’ అని కోపము లేకుండ అడుగుడు. దెబ్బల భయమున్న యింట నిజము బయటికి రాదు. నా బాల్యమే అందులకు సాక్షి.

స్కిచింగునకు తెలుగున ఒంటిమాట లేకున్నను, మన పెద్దలొక సామెతను మాత్రము మనకిచ్చి పోయిరి: కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లు. ఈ రాత్రి భోజనమువేళ దానిని మీ బిడ్డలకు చెప్పుడు. అర్థమేమని వారడిగినచో లారీ గొలుసును చూపుడు.