ఏడుపు రానప్పుడు ఆచారం ఎందుకు? కన్ఫ్యూషియస్ ఒకటి చెప్పాడు, జ్వాంగ్‌జీ ఇంకోటి చేశాడు

చైనా ఆలోచనల వీడియోలో రెన్, లీ, దావో, వు వెయ్ అనే మాటలు విన్నారు కదా. వాటి అర్థాలు బట్టీ పడితే రెండు రోజుల్లో మర్చిపోతాం. అందుకే ఇక్కడ ఒక్క ప్రశ్న పట్టుకుని చూద్దాం. ఇంట్లో మనిషి పోయారు. లోపల ఏమీ అనిపించకపోయినా కర్మలు చెయ్యాలా? మనలో చాలామందికి సంవత్సరీకం రోజున ఈ అనుమానం వచ్చే ఉంటుంది, పైకి అనం అంతే.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో లూ రాజ్యంలో పుట్టాడు. అది ఇప్పటి షాన్‌డాంగ్ ప్రాంతం. అక్కడ తల్లో తండ్రో పోతే మూడేళ్లు శోకం పాటించాలి. జై వో అనే శిష్యుడికి ఇది మరీ ఎక్కువనిపించింది. ఏడాది చాలదా అని గురువునే అడిగేశాడు. అతని వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మూడేళ్లు ఆచారాలూ సంగీతమూ పక్కన పెడితే అవే పాడైపోతాయి, పైగా పాత ధాన్యం పోయి కొత్త ధాన్యం రావడానికి ఏడాదే పడుతుంది కదా అన్నాడు.

గురువు శాస్త్రం చదివి వినిపించలేదు. ఆ రోజుల్లో మంచి అన్నం తిని, ఖరీదైన బట్టలు కట్టుకుంటే నీ మనసుకి హాయిగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుంది అన్నాడు జై వో. అయితే అలాగే కానివ్వు అన్నాడు గురువు. అతను వెళ్లిపోయాక మాత్రం, ఇతనిలో రెన్ లేదు, పుట్టిన ప్రతి బిడ్డా మూడేళ్లు అమ్మానాన్నల చేతుల్లోనే కదా పెరిగేది అని బాధపడ్డాడు.

రెన్ అంటే సాటి మనిషి కోసం కదిలే మనసు. లీ అంటే ఆచారం, పితృపూజ నుంచి నలుగురిలో పలకరించే పద్ధతి దాకా అన్నీ అందులోకే వస్తాయి. షియావో అంటే తల్లిదండ్రుల పట్ల భక్తి. రెన్ లేని లీ ఉత్త తంతు అని కన్ఫ్యూషియస్‌కీ తెలుసు. కానీ లీ చేస్తూ చేస్తూ ఉంటేనే రెన్ పండుతుందని ఆయన నమ్మకం. క్రీ.పూ. 479లో ఆయన పోయినప్పుడు శిష్యులు మూడేళ్లు శోకం పాటించారట. జిగోంగ్ అనే శిష్యుడైతే సమాధి పక్కన గుడిసె వేసుకుని ఇంకో మూడేళ్లు ఉండిపోయాడంటారు. అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు.

తర్వాత అదే ఆచారం చట్టమైపోయింది. మింగ్ వంశం నాటికి తండ్రి పోయిన అధికారి పదవి వదిలి 27 నెలలు ఇంటి దగ్గర ఉండాలి. 1577లో జాంగ్ జూజెంగ్ అనే పెద్ద మంత్రి తండ్రి చనిపోతే చక్రవర్తి ఆయన్ని కొలువులోనే ఉంచేశాడు. అది తప్పని రాసిన అధికారులకి కర్రదెబ్బలు పడ్డాయి. కొడుకు మనసులో ఏముందో అడిగినవాళ్లు ఎవరూ లేరు!

దావో మార్గం వాళ్లకి మొదటి నుంచీ ఉన్న భయం ఇదే. దావో అంటే సృష్టి తనంతట తాను నడిచే దారి. వు వెయ్ అంటే ఆ నడకకి అడ్డం పడకుండా, బలవంతం లేకుండా పని చెయ్యడం. సోమరితనం అని మాత్రం అనుకోకండి. లావోజీ పేరు మీద ఉన్న ‘దావో దె జింగ్’ ప్రకారం దావో చేజారాక, ఒక్కో మెట్టూ దిగుతూ వస్తే చివరికి మిగిలేది లీ.

క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన జ్వాంగ్‌జీ గురించి ఒక కథ ఉంది. ఆయన భార్య పోయింది. పరామర్శకి వచ్చిన స్నేహితుడు హుయిజీకి కనిపించిందేమిటంటే, ఈయన కాళ్లు చాపుకుని కూర్చుని గిన్నె మీద దరువేస్తూ పాడుతున్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసి, పిల్లల్ని పెంచిన మనిషి పోతే ఏడవకపోగా పాటలా అని హుయిజీ నిలదీశాడు. మొదట నాకూ దుఃఖం వచ్చింది అన్నాడు జ్వాంగ్‌జీ. ఆ మాట వదిలేసి కథ చెబితే ఆయన రాయిలా కనిపిస్తాడు. తర్వాత ఆలోచిస్తే, పుట్టక ముందు ఆమెకి రూపం లేదు, ‘చి’ అనే ప్రాణశక్తి కూడా లేదు. ‘చి’ వచ్చింది, రూపమైంది, జీవమైంది, ఇప్పుడు ఇంకో మార్పు వచ్చింది. రుతువులు మారినట్టే ఇదీ అనిపించి ఏడుపు ఆపానన్నాడు.

ఇది మన గీత రెండో అధ్యాయమే కదా అని మీకు అనిపించొచ్చు. నా ఉద్దేశంలో అక్కడ కాస్త ఆగాలి. గీతలో శరీరాలు మారినా దేహి మారడు, శోకం వద్దనడానికి కారణం అదే. జ్వాంగ్‌జీ అలా మిగిలిపోయే ఆత్మ గురించి మాట్లాడలేదు. ఆయనకి ఊరట ఇచ్చింది మార్పే. వచ్చే వీడియో ఈ తేడా దగ్గరే మొదలుపెడతాను. ‘చి’ని మన ప్రాణం అనే మాటతో ఎంతవరకు పోల్చవచ్చో అందులో చూద్దాం.